రెండు రేవుల ఆటగాడు

ప్రపంచంలో ఎక్కువ దేశాలు ఆడే ఆట ఏదంటే ఫుట్ బాల్ అని ఎవరైనా చెబుతారు. నాలుగేళ్ళకొకసారి ప్రపంచకప్పు పోటీలు వచ్చాయంటే మన బందరు హాస్టళ్ళలో కూడా తెల్లవారుజాము దాకా దీపాలు వెలుగుతూనే ఉంటాయి. గుడివాడ నుంచీ, దివిసీమ నుంచీ వచ్చి చదువుకుంటున్న మిత్రులు బ్రెజిల్ అనీ, అర్జెంటీనా అనీ, ఫ్రాన్సు అనీ పార్టీలు కట్టి వాదించుకుంటారు. వాదన చల్లబడ్డాక ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇంతకీ మనవాడెవడైనా ఎప్పుడైనా అక్కడి దాకా వెళ్ళాడుట్రా?"

వెళ్ళాడు. 2006లో జర్మనీలో జరిగిన ప్రపంచకప్పులో ఫ్రాన్సు జట్టు తరపున 8 నంబరు చొక్కా తొడుక్కున్న ఆటగాడి పేరు వికాస్ రావు ధోరాసూ. ఫ్రాన్సులో పుట్టాడు. తల్లిదండ్రులది మారిషస్. వాళ్ళ పూర్వులు తెలుగువాళ్ళు. అదే జట్టులో జిదాన్, ఆన్రీ, వియేరా, తురాం వంటి మహామహులున్నారు గనుక ఇతని పేరు మన చెవిన అంతగా పడలేదు.

అయితే ఇక్కడొక చిక్కు ప్రశ్న ఉంది. ఇతను నిజంగా "మనవాడేనా"? మనిషికి రెండు వారసత్వాలుంటే ఏది ఎంతవరకు పని చేస్తుంది? పేరు ఒక చోటిదీ, ఆట ఒక చోటిదీ అయినప్పుడు ఘనత ఎవరిది? ధోరాసూ జీవితం ఈ ప్రశ్నలకు చక్కని ఉదాహరణ. మన కాలేజీ విద్యార్థులకు అందులో ఒక పాఠం కూడా ఉందని నా అభిప్రాయం. అందుకే ఈ నాలుగు మాటలు.

కోరంగి నుంచి పోర్ట్ లూయీకి

కథ ఫుట్ బాలుతో మొదలు కాదు, కరువుతో మొదలవుతుంది. 1832–33లో కృష్ణా, గుంటూరు ప్రాంతాలను భయంకరమైన కరువు పట్టి పీడించింది. నందన నామ సంవత్సరంలో వచ్చింది గనుక నందన కరువనీ, శవాల డొక్కలు ఎక్కడబడితే అక్కడ కనిపించాయి గనుక డొక్కల కరువనీ మన పెద్దలు చెప్పుకునేవారు. ఒకప్పుడు సముద్రాల మీదుగా దేశదేశాలకూ పోయిన బందరు అద్దకపు బట్టల వ్యాపారం కూడా అప్పటికే దెబ్బ తిన్నది. బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయింది 1855లో. అంతకు ముందు ఈ డెల్టా నేటి పచ్చని డెల్టా కాదు. వాన పడితే పంట, లేకపోతే వలస.

సరిగ్గా ఆ కాలంలోనే సముద్రం అవతల ఒక మార్పు జరిగింది. మారిషస్ దీవిని 1715 నుంచి ఫ్రెంచివారు ఏలారు. 1810లో ఇంగ్లీషువారు గెలుచుకున్నారు. 1835లో అక్కడ బానిసత్వం రద్దయింది. చెరుకు తోటలకు పనివాళ్ళు కావాలి. బానిసలు పోతే కూలీలు రావాలి గదా! అందుకని మన దేశం నుంచి ఒప్పందపు కూలీలను తీసుకుపోవడం మొదలుపెట్టారు. 1834 నవంబరు 2న "అట్లాస్" అనే ఓడ మొదటి జట్టును పోర్ట్ లూయీ రేవులో దింపింది. ఆ తరువాత 1920 వరకు సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయులు ఆ రేవులో అడుగుపెట్టారు. ఎక్కువమంది బీహారు వైపు వాళ్ళు. తరువాత తమిళులు, తెలుగువాళ్ళు, మరాఠీలు.

మన తెలుగువాళ్ళు గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు నుంచీ, విశాఖపట్నం వైపు రేవుల నుంచీ ఓడలెక్కారు. కోరంగిలో ఎక్కినవాళ్ళు గనుక అక్కడ తెలుగువాళ్ళకి "కోరంగీలు" అని పేరు పడిపోయింది. బర్మాలోనూ అదే పిలుపు. ఊరు పేరు జాతి పేరైపోయిందన్నమాట. తొలి రోజుల్లో ఒప్పందం ఐదేళ్ళు, మగవాడికి జీతం నెలకు ఐదు రూపాయలు. కాగితం మీద వేలిముద్ర వేసినవాడికి ఆ కాగితంలో ఏముందో తెలియదు. రేవులో దిగాక పేరడిగి రాసుకునే గుమాస్తాకు తెలుగు రాదు. చెవిన పడ్డట్టు రాసుకున్నాడు. నాయుడు "నాయిడూ" అయ్యాడు. అప్పడు "అప్పాదూ" అయ్యాడు. అలా దీర్ఘాలు తీసుకున్న పేర్లు ఆ దీవిలో నేటికీ వందలకొద్దీ ఉన్నాయి. ధోరాసూ అన్న పేరు చూడగానే మనకు తెలుగు పేరుగా తోచకపోవచ్చు. కాని మధ్యలోని "రావు" మాత్రం ఎవరూ చెప్పకుండానే గుర్తుపట్టేస్తాం.

వెళ్ళినవాళ్ళు భాషను పూర్తిగా వదిలిపెట్టలేదు. మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవుదినం. బడుల్లో తెలుగు చెబుతారు. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో అక్కడే జరిగాయి. అయితే దీవిని ఏలింది ఇంగ్లీషువారైనా, వాడుకలో నిలిచింది ఫ్రెంచి, దాని నుంచి పుట్టిన క్రియోల్ భాష. 1968లో స్వాతంత్ర్యం వచ్చిన నాటికి ఆ చిన్న దీవిలో పనులు చాలక ఎందరో ఇంగ్లండుకూ, ఫ్రాన్సుకూ మళ్ళీ ఓడలెక్కారు, విమానాలెక్కారు. ఫ్రాన్సు చేరినవాళ్ళలో వికాస్ తల్లిదండ్రులు కూడా ఉన్నారు.

ఫ్రెంచివాళ్ళంటే బందరు వాళ్ళకు కొత్తేమీ కాదు. 1669లో గోల్కొండ సుల్తాను అనుమతితో ఫ్రెంచి కంపెనీ ఇక్కడ కోఠీ పెట్టింది. 1750లో ఊరే వాళ్ళ చేతికి వచ్చింది. 1759లో కర్నల్ ఫోర్డు కోటను పట్టుకోవడంతో ఆ ఏలుబడి పోయింది. ఐనా చిన్న స్థలం ఒకటి వాళ్ళ పేరనే ఉండి, 1947లో మన దేశానికి వచ్చింది. ఫ్రెంచిపేట అన్న పేరు మాత్రం మన ఊళ్ళో నిలిచిపోయింది. వాళ్ళు ఇక్కడికి వచ్చి పేట పేరు మిగిల్చి వెళ్ళారు. మనవాళ్ళు అటు వెళ్ళి మనిషి పేరు మిగుల్చుకున్నారు.

లె హావ్ర్ రేవులో

వికాస్ 1973 అక్టోబరు 10న ఫ్రాన్సు ఉత్తర తీరంలోని హార్ఫ్లర్ అనే ఊళ్ళో పుట్టాడు. పక్కనే ఉన్న లె హావ్ర్ పెద్ద రేవు పట్నం. రెండవ ప్రపంచ యుద్ధంలో 1944లో బాంబులు పడి నేలమట్టమైతే తిరిగి కట్టుకున్న ఊరు. ఊరి శివారున కోక్రియోవీల్ అని కార్మికులుండే పేట ఒకటుంది. ప్రభుత్వం కట్టించిన అంతస్తుల ఇళ్ళు, వాటి మధ్య ఖాళీ స్థలాలు. వికాస్ పెరిగింది అక్కడే. చుట్టూ అరబ్బులు, ఆఫ్రికావాళ్ళు, తెల్లవాళ్ళు, అందరి పిల్లలూ. అందరికీ కలిపి ఒకటే బంతి.

లె హావ్ర్ క్లబ్బు 1872లో స్థాపించబడిందని చెప్పుకుంటుంది. ఫ్రాన్సులో అన్నిటికంటే పాతది. అది పేరుపొందింది పెద్ద కప్పులు గెలిచి కాదు, పిల్లలకు ఆట నేర్పి. దీనికి వెనుక ఒక ఏర్పాటు ఉంది. 1973లో ఫ్రాన్సులో క్లబ్బులకూ, ఆటగాళ్ళకూ మధ్య ఒక ఒడంబడిక కుదిరింది. పెద్ద క్లబ్బులు తప్పనిసరిగా శిక్షణ కేంద్రాలు నడపాలనేది అందులో ముఖ్యాంశం. పిల్లవాడికి పదిహేను, పదహారేళ్ళప్పుడు చేర్చుకుని తిండి, బస, చదువు, ఆట అన్నీ ఒకే కప్పు కింద చూడాలి. ఆటలో నెగ్గకపోయినా చదువు చేతిలో ఉండాలి. ఆ ఏర్పాటు ఫలితమే పాతికేళ్ళ తరువాత 1998లో ఫ్రాన్సు గెలిచిన ప్రపంచకప్పు. విశేషమేమంటే ధోరాసూ పుట్టిన ఏడూ, ఆ ఒడంబడిక పుట్టిన ఏడూ ఒకటే. అతన్ని తయారు చేసింది అదే. తరువాత ఒకనాడు అతని మెడకు చుట్టుకున్నదీ అదే. ఆ సంగతి ముందు చెబుతాను.

అతని ఎత్తు ఐదున్నర అడుగులు. యూరపు ఆటగాళ్ళలో ఇది చాలా పొట్టి. "నువ్వెక్కడ ఆడగలవురా" అని పంపేసే ఎత్తే. కాని లె హావ్ర్ లో ఎత్తు కొలిచి పంపేయలేదు, కాలు చూశారు. 1993లో క్లబ్బు పెద్ద జట్టులో మొదటి మ్యాచి ఆడాడు. 1998 దాకా అక్కడే ఉన్నాడు.

అంచున ఆడేవాడు, నడుమ ఆడేవాడు

ఆట తెలియని మిత్రుల కోసం ఇక్కడ కొంచెం ఆగుదాం. ఫుట్ బాల్ మైదానం సుమారు 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. గోలు ఉండేది నడిమిలో. కాబట్టి రక్షించేవాళ్ళంతా నడిమిలో గుమిగూడతారు. వాళ్ళను చెదరగొట్టాలంటే ఎవడో ఒకడు సున్నపు గీత వెంబడి, మైదానం అంచున బంతిని తీసుకుపోవాలి. వాడే వింగరు. పెద్ద కాలవ గట్టు తెగనప్పుడు పిల్లకాలవ చేను చివరికి నీళ్ళు తీసుకుపోయినట్టు, నడిమి దారి మూసుకుపోయినప్పుడు వింగరు అంచుదారిన గోలు దగ్గరికి బంతిని చేరుస్తాడు. వేగం కావాలి, ఒంటరిగా ఎదుటివాణ్ణి తప్పించే నేర్పు కావాలి. ఇంకోటి కూడా కావాలి, ఓర్పు. ఎందుకంటే నడిమివాళ్ళు బంతి ఇస్తే తప్ప అంచున ఉన్నవాడు ఏమీ చేయలేడు.

ధోరాసూ ముఖ్యంగా నడిమి వరుస ఆటగాడు. అంటే ఆ బంతిని అంచుకు పంపేవాడు. అవసరమైతే కుడి అంచున కూడా ఆడాడు. బంతిని ఎక్కువసేపు దగ్గరుంచుకోకుండా, పొట్టి పాసులతో జట్టు మొత్తాన్నీ కదిలించడం అతని పద్ధతి. అతను ఆట నేర్చిన లె హావ్ర్ నుంచే తరువాత ఒక గొప్ప వింగరు పైకి వచ్చాడు. అతను రియాద్ మహ్రెజ్. పారిస్ దగ్గర పుట్టిన అల్జీరియా వాళ్ళబ్బాయి. 2010లో లె హావ్ర్ చేరాడు. బక్కపలచని మనిషి. ఎడమకాలి వాటం వాడై కుడి అంచున ఆడి, లోపలికి కోసుకు వచ్చి గోలు కొట్టడంలో దిట్ట. 2016లో లెస్టర్ అనే చిన్న జట్టు ఇంగ్లండు లీగు గెలిచినప్పుడు అందులో ప్రముఖుడు. ఇతని ప్రస్తావన మళ్ళీ వస్తుంది.

క్లబ్బుల వరుస

1998లో ధోరాసూను లియాన్ క్లబ్బు తీసుకుంది. మరుసటి ఏడు, 1999లో, ఫ్రాన్సు జాతీయ జట్టులో మొదటిసారి ఆడాడు. అప్పటికి ఫ్రాన్సు ప్రపంచ విజేత. ఆ జట్టును చూసి ఫ్రాన్సులో ఒక నినాదం పుట్టింది: నల్లవాడు, తెల్లవాడు, అరబ్బు, ముగ్గురూ కలిస్తేనే ఫ్రాన్సు అని. జిదాన్ తల్లిదండ్రులది అల్జీరియా. తురాం పుట్టింది గ్వాదలూప్ దీవిలో. వియేరా పుట్టింది సెనెగల్‌లో. వినడానికి బాగుంది. కాని ఈ మూడు రంగుల్లో మన ధోరాసూ ఏ రంగు? నల్లవాడు కాడు, తెల్లవాడు కాడు, అరబ్బు కాడు. అందరినీ కలుపుకున్నామని చెప్పే నినాదంలో కూడా అతనికి చోటు లేకపోయింది. రెండు వారసత్వాలున్నవాడి ఇబ్బంది ఇలాగే ఉంటుంది. లెక్క వేసేవాళ్ళు ముందే గళ్ళు గీసి పెట్టుకుంటారు. వీడు ఏ గడిలోనూ పట్టడు.

ఆట విషయానికి వస్తే, అతని అదృష్టం కూడా కొంచెం అటూ ఇటూగానే నడిచింది. లియాన్ చరిత్రలో మొట్టమొదటిసారి ఫ్రెంచి లీగు గెలిచింది 2001–02లో. సరిగ్గా ఆ ఏడాది క్లబ్బు అతన్ని బోర్డో జట్టుకు అరువు ఇచ్చింది. ఆటగాళ్ళను అరువివ్వడం అక్కడ మామూలే. అతను అక్కడ ఊరుకోలేదు, బోర్డోతో 2002 లీగు కప్పు గెలిచాడు. తిరిగి వచ్చి లియాన్ తోనే 2003లోనూ, 2004లోనూ లీగు గెలిచాడు. 2004లో ఇటలీలోని ఎ.సి. మిలాన్ పిలిచింది. ఆ రోజుల్లో యూరపులో అంతకంటే పెద్ద క్లబ్బులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

2005లో పారిస్ క్లబ్బుకు వచ్చాడు. అక్టోబరు 12న సైప్రస్ మీద 4–0తో గెలిచి ఫ్రాన్సు ప్రపంచకప్పుకు అర్హత సంపాదించిన మ్యాచిలో ఒక గోలు కొట్టాడు. దేశం తరపున ఆడిన 18 మ్యాచిల్లో అతను కొట్టిన గోలు అదొక్కటే. 2006 ఏప్రిల్ 29న ఫ్రెంచి కప్పు ఫైనల్లో పారిస్, మార్సెయ్ తలపడ్డాయి. ఆ రెండు ఊళ్ళకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. దూరం నుంచి ధోరాసూ కొట్టిన గోలుతో పారిస్ 2–1తో కప్పు ఎగరేసుకుపోయింది. అతని జీవితంలో శిఖరం అదే అనొచ్చు.

బెంచీ మీద రెండు ఫైనళ్ళు

ప్రేక్షకులకు మైదానంలో ఉన్న పదకొండుమందే కనబడతారు. గీత బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళు కూడా అంతే కష్టపడి అక్కడికి వచ్చారని ఎవరికీ తోచదు.

2005 మే 25న ఇస్తాంబుల్ లో యూరపు ఛాంపియన్స్ లీగు ఫైనలు. మిలాన్ సగం ఆటకు 3–0 ముందుంది. లివర్ పూల్ ఆరు నిమిషాల్లో మూడు గోళ్ళు కొట్టి సమం చేసింది. చివరకు పెనాల్టీల్లో మిలాన్ ఓడింది. ధోరాసూ ఆ రాత్రంతా బెంచీ మీదే ఉన్నాడు. మరుసటి ఏడు ప్రపంచకప్పు. స్విట్జర్లాండు మీదా, దక్షిణ కొరియా మీదా ఆడిన మ్యాచిల్లో ఆఖరి కొద్ది నిమిషాలు దింపారు. రెండూ సమంగానే ముగిశాయి. ఆ తరువాత జట్టు ఒక్కొక్క మెట్టే ఎక్కి జూలై 9న బెర్లిన్ లో ఫైనలుకు చేరింది. జిదాన్ తలతో పొడిచి బయటికి పోయిందీ, ఇటలీ పెనాల్టీల్లో గెలిచిందీ లోకమంతా చూసింది. ధోరాసూ కూడా చూసినవాళ్ళలోనే ఉండిపోయాడు.

కాని అతను ఊరికే చూడలేదు. ఫ్రెద్ పూలే అనే మిత్రుడు ఒక చిన్న సూపర్ 8 కెమెరా ఇచ్చాడు. హోటలు గదిలో, బస్సులో, ఒంటరిగా గడిచిన ఆ రోజులన్నీ ధోరాసూ తానే తీశాడు. ఆ ముక్కలతో "సబ్‌స్టిట్యూట్" అనే సినిమా తయారైంది. పేరుకు అర్థం, ఒకరికి బదులుగా దిగేవాడు. గోళ్ళు, చప్పట్లు లేని ఫుట్ బాల్ సినిమా అది. ఎదురు చూడటమే దాని కథ. ఆటగాడు తన దిగులును పైకి చెప్పకూడదనే కట్టుబాటు ఆ లోకంలో గట్టిగా ఉంది. దాన్ని తప్పాడని కోపగించినవాళ్ళు చాలామంది.

ఆ వెంటనే పారిస్ క్లబ్బులో కోచితో మాట పట్టింపు వచ్చింది. అభిప్రాయాలు పత్రికకెక్కాయి. 2006 అక్టోబరులో క్లబ్బు అతన్ని ఉద్యోగం నుంచి తీసేసింది. 1973 ఒడంబడిక వచ్చాక ఒక క్లబ్బు అలా ఒక ఆటగాణ్ణి బర్తరఫ్ చేయడం ఫ్రాన్సులో అదే మొదలు. ఇటలీలో లివోర్నో క్లబ్బుకు వెళ్ళాడు గాని అక్కడ ఒక్క మ్యాచి కూడా ఆడకుండానే బయటికొచ్చాడు. ముప్ఫై అయిదేళ్ళు నిండక ముందే ఆట ముగిసింది.

ముందుతరం వాళ్ళు ఒప్పందపు కాగితం మీద వేలిముద్ర వేసి, నోరెత్తలేక తోటలో ఉండిపోయారు. ఈ తరం మనిషి తన ఒప్పందం చదివి సంతకం పెట్టాడు, నచ్చనిది నచ్చలేదని చెప్పాడు, దాని ఖరీదూ చెల్లించాడు. మధ్య తరాల్లో సంపాదించుకున్నది ఆ కాస్త స్వేచ్ఛ. నా దృష్టిలో అది కప్పుల కంటే తక్కువదేమీ కాదు. తరువాత కూడా ఊరికే కూర్చోలేదు. అందరూ సరదాగా ఆడుకునే ఫుట్ బాల్ కావాలని 2011లో మిత్రులతో "తతాన్" అనే సంఘం పెట్టాడు. ఆటలో వివక్షకు వ్యతిరేకంగా నిలబడ్డాడు. 2020లో పారిస్ పురపాలక ఎన్నికల్లో కూడా నిలబడ్డాడు. పేకాట పోటీల్లోనూ పేరు తెచ్చుకున్నాడు. మనిషి ఒక గడిలో పట్టడని ముందే చెప్పానుగా!

ఇంకొక్క మాట. ఆ కూలీలు దిగిన పోర్ట్ లూయీ రేవు మెట్లనే నేడు అప్రవాసి ఘాట్ అంటున్నారు. వాటిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది ఆ 2006 జూలైలోనే. ఒక కోరంగి వంశీకుడు ప్రపంచకప్పు ఫైనలు జట్టులో ఉన్న నెలలోనే ఆ మెట్లకు గుర్తింపు వచ్చిందన్నమాట.

చట్టం ఏమంటుంది?

రెండు వారసత్వాలున్న ఆటగాడు ఏ దేశానికి ఆడాలి? అంతర్జాతీయ నియమం ప్రకారం ముందుగా ఆ దేశపు పౌరసత్వం ఉండాలి. మహ్రెజ్ ఫ్రాన్సులో పుట్టి, అక్కడే ఆట నేర్చి, తండ్రి దేశమైన అల్జీరియాను ఎంచుకున్నాడు. 2019లో కెప్టెనుగా ఆఫ్రికా కప్పు గెలిపించాడు. అల్జీరియా రెండు పౌరసత్వాలను ఒప్పుకుంటుంది గనుక ఇది కుదిరింది.

మన రాజ్యాంగం, పౌరసత్వ చట్టం రెండు పౌరసత్వాలను ఒప్పుకోవు. భారత పాస్ పోర్టు ఉన్నవాళ్ళే దేశం తరపున ఆడాలని 2008లో ప్రభుత్వం నిర్ణయించింది. విదేశాల్లోని భారత సంతతి వాళ్ళకిచ్చే ఓ.సి.ఐ. కార్డు దీనికి పనికిరాదు. కాబట్టి ఆడాలంటే ఉన్న పౌరసత్వం వదులుకోవాలి. జపాన్ తల్లికీ, గుజరాతీ తండ్రికీ పుట్టిన అరాటా ఇజుమీ 2012లో జపాన్ పౌరసత్వం వదులుకుని మరుసటి ఏడు మన దేశానికి ఆడాడు. ఆస్ట్రేలియాలో పెర్త్ లో పుట్టి, ఇంగ్లండులో ఫుల్హాం, పోర్ట్స్‌మత్ క్లబ్బుల్లో ఆడిన రయాన్ విలియమ్స్ అనే వింగరు తల్లి బొంబాయి ఆంగ్లో ఇండియన్. 2019లో ఆస్ట్రేలియాకు ఒక మ్యాచి కూడా ఆడాడు. 2023లో బెంగుళూరు క్లబ్బుకు వచ్చి, 2025లో ఆస్ట్రేలియా పౌరసత్వం విడిచి భారత పౌరుడయ్యాడు. ఇవి చిన్న త్యాగాలు కావు.

ధోరాసూ విషయంలో ఆ ప్రశ్నే రాలేదు. అతనికి ఆట నేర్పింది ఫ్రాన్సు, పిలిచింది ఫ్రాన్సు, వెళ్ళాడు. అందులో తప్పు పట్టడానికేముంది?

మైదానం ఎవరిస్తే వాళ్ళ బిడ్డ

మనవాళ్ళకు ఆట రాదా అంటే, వచ్చిన రోజులున్నాయి. 1950 నుంచి 1963 దాకా హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీం సాబు సిటీ పోలీసు జట్టునూ, తరువాత దేశపు జట్టునూ తీర్చిదిద్దారు. ఆయన శిక్షణలోనే మన దేశం 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగో స్థానానికి వచ్చింది. 1962లో జకార్తా ఏషియన్ క్రీడల్లో దక్షిణ కొరియా మీద 2–1తో గెలిచి బంగారు పతకం తెచ్చుకుంది.

ఆ జట్టులో ఎడమ పక్క ఆడే తులసీదాస్ బలరాం సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడ కుర్రాడు. బీదవాళ్ళు. రోజూ అంత దూరం ప్రాక్టీసుకు రాలేనంటే అద్దె సైకిలుకి డబ్బులు రహీం సాబే ఇచ్చారు. ఆ సైకిలు మీద వచ్చిన కుర్రాడు మెల్బోర్న్ వెళ్ళాడు, 1960లో రోము వెళ్ళి హంగరీ మీదా, పెరూ మీదా గోళ్ళు కొట్టాడు. కలకత్తాలో ఈస్ట్ బెంగాల్ జట్టుకు 1961లో కెప్టెను అయ్యాడు. ఊపిరితిత్తుల జబ్బు వచ్చి ఇరవై ఏడేళ్ళకే ఆట మానుకోవలసి వచ్చింది. 2023 ఫిబ్రవరి 16న కన్ను మూశాడు. అతని వెనుక ఏ 1973 ఒడంబడికా లేదు. ఒక గురువు, ఒక మైదానం, ఒక అద్దె సైకిలు. అంతే.

ఈ రెండు జీవితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచేది ఇది. రక్తం మనిషికి పేరిస్తుంది, జ్ఞాపకం ఇస్తుంది. ఆటను ఇచ్చేది మాత్రం మైదానం. ధోరాసూ పూర్వులు ఇక్కడి నుంచి వెళ్ళేటప్పుడు ఈ గడ్డ వాళ్ళకు ఇచ్చింది ఆకలి. అతను ప్రపంచకప్పుకు వెళ్ళాక "మనవాడు" అని చప్పట్లు కొట్టడం తేలిక. సంతోషించవచ్చు, బంధుత్వం కలుపుకోవచ్చు. ఘనతలో వాటా మాత్రం అడగలేం.

మరి మనం వాటా అడగగలిగింది ఏమైనా ఉందా? ఉంది. మన కాలేజీకి అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు నుంచీ, ఇటు గుడివాడ చుట్టుపక్కల ఊళ్ళ నుంచీ వందలమంది బస్సుల మీద వస్తున్నారు. కోత కోసిన చేలల్లో కబడ్డీ, వాలీబాలు ఆడి గట్టిపడ్డ కాళ్ళు వాళ్ళవి. ఆటలు మొదలయ్యేది సాయంత్రం. ప్రాక్టీసుకు ఆగితే బస్సు తప్పిపోతుంది, ఇంటికి చేరేసరికి చీకటి పడుతుంది. ఆడపిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు. అందుచేత జట్టులో మిగిలేది హాస్టలు వాళ్ళే. ఇక మైదానం మాట. మనది నల్లమట్టి. వానాకాలం మోకాలి లోతు బురద, ఎండాకాలం కాలు పట్టే బీటలు. ఆ మట్టిలో బంతి దొర్లాలంటే నీళ్ళు పోయే దారీ, పైన ఇసుకా కావాలి. దీనికి కోట్లు అక్కర్లేదు.

కాబట్టి యూనియన్ మిత్రులకు ఒక సూచన. వార్షికోత్సవం ఖర్చులో కొంత తగ్గించి రెండు పనులు చేద్దాం. మైదానానికి పక్కన మురుగు కాలవ తవ్వించి ఇసుక పోయిద్దాం. దూరపు ఊళ్ళ నుంచి వచ్చి ప్రాక్టీసుకు ఆగే విద్యార్థులకూ, విద్యార్థినులకూ సాయంత్రం తిరుగు ప్రయాణానికి ఏర్పాటు చేద్దాం. నాటి అద్దె సైకిలు లాంటిదే ఇది కూడా. ఇందులో నుంచి బలరాములు పుడతారని ఎవరూ హామీ ఇవ్వలేరు. పుట్టకపోయినా, ఆడాలని ఉండి బస్సు కోసం మైదానం వదిలి పరుగెత్తే కుర్రాడు ఒక్కడైనా ఆగుతాడు. రేపు వాడు ఉద్యోగానికి ఏ దేశం వెళ్ళినా, ఏ రేవులో దిగినా, తనకు ఆట నేర్పిన నేల ఏదంటే బందరు పేరు చెబుతాడు. అప్పుడు "మనవాడు" అనే మాట మనకు చెల్లుతుంది.